బోరు మోటారు లెక్క ఫోన్లోకి: డేటా సేకరణ సాఫ్ట్‌వేర్‌ను చిన్న రైతు అమర్చుకునే పద్ధతి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో బోరు నీటి మీదే సాగు. కింద ఉన్నది గట్టి రాయి. పైన కుళ్లిన రాతి పొరలో, లోపల రాతి పగుళ్లలో ఊరే నీరే మనకు దిక్కు. అందుకే ఇక్కడి బోర్లు రోజంతా ఒకే ధారగా పోయవు. గంట పోసి తగ్గిపోయేవి, కాసేపు ఆపితే మళ్లీ ఊరేవి ఎక్కువ. ఇలాంటి బోరులో మోటారు కాలిపోయినప్పుడు రైతుకు వచ్చే మొదటి అనుమానం: నీళ్లు అయిపోయాయా, కరెంటు తేడా చేసిందా, మోటారే పాతబడిందా? కారణం తెలియకుండా రీవైండింగ్ చేయించి దించితే రెండు నెలలకు అదే మోటారు మళ్లీ కాలుతుంది. లేదా ఉన్న బోరు ఎండిపోయిందనుకుని అప్పు చేసి కొత్త బోరు వేస్తారు. ఇంతలో కాపు మీదున్న టమోటా వాడిపోతుంది. పూత, పిందె దశలో నాలుగు రోజులు నీరు తప్పితే తర్వాత ఎంత పోసినా ఆ పిందె తిరిగి రాదు.

ఈ అనుమానాన్ని తీర్చేది లెక్క మాత్రమే. మోటారు ఏ నిమిషంలో ఎన్ని ఆంపియర్లు తీసుకుంది, ఏ ఫేజులో ఎన్ని వోల్టులు ఉన్నాయి, ఎంత నీరు వచ్చింది అన్నవి తేదీ, టైముతో సహా రాసి ఉంటే కారణం దానంతటదే బయటపడుతుంది. ఫ్యాక్టరీల్లో యంత్రాలకు ఇదే పని చేసే పరికరాలు, సాఫ్ట్‌వేర్ ఇప్పుడు బోరు షెడ్డులోనూ పెట్టుకోవచ్చు. ఎలా అమర్చుకోవాలి, ఎక్కడ మోసపోయే వీలుంది, వచ్చిన అంకెలతో ఏం చేయాలి అన్నవి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఫ్యాక్టరీలో జరిగేది ఇదే

మీ ఊరి పాల శీతలీకరణ కేంద్రాన్నే తీసుకోండి. పాలను 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచాలి. ట్యాంకులో వేడిని కొలిచే సెన్సర్ ఉంటుంది. ఆ సెన్సర్ చెప్పే అంకెను ఒక పెట్టె చదువుతుంది. ఆ పెట్టె నుంచి అంకెలను తెచ్చి తేదీ, టైము వేసి దాచేది సాఫ్ట్‌వేర్. వేడి హద్దు దాటితే కేక వేసేదీ అదే. పెద్ద ఫ్యాక్టరీలో ఇలాంటి సెన్సర్లు వేలల్లో ఉండవచ్చు. బోరు దగ్గర నాలుగైదు చాలు. పద్ధతి మాత్రం ఒక్కటే: కొలిచేది, చదివేది, దాచేది, చూపించేది. ఈ నాలుగింటిలో ఏది తప్పినా తెర మీద కనబడే అంకె అబద్ధమే.

ఈ నేలకు లెక్క రాయడం కొత్త కాదు

ఫోన్లు ఇంతగా రాకముందే మన రాష్ట్రంలో రైతులు ఈ పని చేసి చూపించారు. ఎఫ్‌ఏఓ సహాయంతో 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకం, మామూలుగా ఏపీఫామ్స్ అని పిలిచేది, ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాల్లో నడిచింది. వాటిలో చిత్తూరు జిల్లా ఒకటి. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, మోటారు పోసే నీటిని కొలిచారు. ఆ అంకెలను ఊళ్లో అందరికీ కనబడేలా బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీరు ఎంత, వేయబోయే పంటలకు కావలసింది ఎంత అని బడ్జెట్ వేసుకున్నారు. ఎవరినీ ఫలానా పంట వేయవద్దని బలవంతం చేయలేదు. లెక్క కళ్లముందు ఉంటే నిర్ణయం రైతే తీసుకుంటాడన్నది ఆ పథకం నమ్మకం.

అప్పుడు తాడు, టేపు, పుస్తకం. ఇప్పుడు సెన్సర్, సిమ్ కార్డు, సాఫ్ట్‌వేర్. పనిముట్లు మారాయి గానీ లెక్కను చూసి నిర్ణయం మార్చుకునే పని ఇప్పటికీ మనిషిదే. ఆ ఓపిక లేకపోతే ఈ పరికరాలు కొనవద్దు.

కొనే ముందు 10 రోజులు పుస్తకంలో రాయండి

ఏ కంపెనీ మనిషి చెప్పినా ముందు ఇది చేయండి. పది రోజుల పాటు ఒక నోటుబుక్కులో మోటారు ఆన్ చేసిన టైము, నీరు తగ్గిన టైము, ఆపిన టైము, కరెంటు వచ్చిన, పోయిన టైము రాయాలి. రోజుకు రెండుసార్లు 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూడాలి. 80 సెకన్లలో నిండితే నిమిషానికి 150 లీటర్లు అన్నమాట. "రెండించుల నీళ్లు" అనే మాట డ్రిల్లింగ్ లారీ దగ్గర చెల్లుతుంది గానీ పంట లెక్కకు పనికిరాదు. లీటర్లలోకి రావాల్సిందే.

పది రోజుల తర్వాత మీ సమస్య ఏమిటో సగం తెలిసిపోతుంది. ఓల్టేజీ సమస్య అయితే ఓల్టేజీ కొలిచే పరికరం ముఖ్యం. నీరు తగ్గిపోవడం సమస్య అయితే ఆంపియర్లు, నీటి మీటరు ముఖ్యం. సమస్య తెలియకుండా కొంటే అన్నీ ఉన్న ఖరీదైన పెట్టె తెచ్చుకుని ఒక్కదాన్నే వాడతారు.

ఏం కొలవాలి

మూడు ఫేజుల ఆంపియర్లు, మూడు ఫేజుల ఓల్టేజీ. ఇవి తప్పనిసరి. ఈ ఆరింటినీ ఒకే డిజిటల్ ప్యానెల్ మీటరు కొలుస్తుంది. కొనేటప్పుడు "ఆర్‌ఎస్‌-485, మోడ్‌బస్ ఉందా" అని అడగాలి. అది లేని మీటరు అంకెను అద్దం మీద చూపిస్తుందే గానీ బయటికి ఇవ్వదు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. షాపులో లేనిదే ముందుగా చేతికి ఇస్తారు.

తర్వాతది నీటి మీటరు. పల్స్ ఇచ్చే రకం తీసుకోవాలి. ప్రతి 10 లీటర్లకో, 100 లీటర్లకో ఒక సిగ్నల్ వస్తుంది, సాఫ్ట్‌వేర్ వాటిని లెక్కపెడుతుంది. మీటరుకు ముందు ఫిల్టరు ఉండాలి. ఇసుక వచ్చే బోరులో తిరిగే చక్రం త్వరగా అరుగుతుంది.

బోరులో నీటి మట్టం కొలిచే సెన్సర్ మంచిదే గానీ వందల అడుగుల కేబుల్ మోటారు పక్కనే దించాలి. ఖర్చూ ఎక్కువ, మోటారు పైకి తీసేటప్పుడు కేబుల్ తెగే ప్రమాదమూ ఉంది. చిన్న రైతు దీన్ని మొదట్లోనే కొనాల్సిన పని లేదు. బదులుగా, ఈసారి మోటారు పైకి తీసినప్పుడు పైపుల వెంట ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టం కట్టి దించండి. దాని కింది మొన ఎన్ని అడుగుల్లో ఉందో కచ్చితంగా రాసుకోవాలి. పై మొనకు ప్రెషర్ గేజీ, గాలి కొట్టే వాల్వు పెట్టాలి. గాలి కొడుతూ పోతే గొట్టంలోని నీరంతా బయటికి పోయాక గేజీ ముల్లు ఒకచోట నిలబడుతుంది. 1 కిలో ప్రెషరంటే 10 మీటర్లు, అంటే సుమారు 33 అడుగుల నీరు. గొట్టం 600 అడుగులు దించి, గేజీ 3 కిలోలు చూపిస్తే, గొట్టం మొన మీద సుమారు 98 అడుగుల నీరు ఉన్నట్టు. నీటి మట్టం 502 అడుగుల దగ్గర ఉందన్నమాట. రోజూ పొద్దున మోటారు వేయకముందు ఒక్కసారి కొలిచి, ఆ అంకెను సాఫ్ట్‌వేర్‌లో చేత్తో ఎక్కిస్తే చాలు.

వైరింగులో జాగ్రత్తలు

ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. విద్యుత్ శాఖ మీటరునూ, దానికి ముందున్న తీగలనూ ముట్టుకోకూడదు. మన పరికరాలన్నీ స్టార్టర్ వైపే ఉండాలి.

ఆంపియర్లు కొలవడానికి ఫేజు తీగ చుట్టూ వేసే రింగును సీటీ అంటారు. సీటీ నుంచి మీటరుకు వచ్చే రెండు చిన్న తీగలను మోటారు నడుస్తున్నప్పుడు విప్పకూడదు. విప్పితే వాటి మధ్య ప్రమాదకరమైన ఓల్టేజీ పుడుతుంది, మనిషికీ సీటీకీ చేటు. 50/5 సీటీ మీద 8 ఆంపియర్ల చిన్న మోటారు లెక్క సరిగా పలకదు. అలాంటప్పుడు ఫేజు తీగను రింగులోంచి 3 సార్లు తిప్పి తెచ్చి, సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన అంకెను 3తో భాగించాలి. తిప్పిన సంగతి స్టార్టర్ బోర్డు తలుపు లోపల స్కెచ్‌పెన్నుతో రాసి పెట్టండి. ఏడాది తర్వాత వేరే ఎలక్ట్రీషియన్ వస్తే అదే దారి చూపిస్తుంది.

మీటరు నుంచి అంకెలు తెచ్చే పెట్టెకు కూడా కరెంటు కావాలి. త్రీఫేజు పోగానే అదీ ఆగిపోతే కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో రాసేవాడు ఉండడు. కాబట్టి చిన్న బ్యాటరీ, వీలైతే దానికి చిన్న సోలార్ పలక పెట్టాలి. షెడ్డు రేకుల కింద ఎండకు కాగిపోయే చోట కాకుండా, గోడకు నీడ వైపున, నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టె బిగించాలి. తీగలు లోపలికి వెళ్లే రంధ్రాలను మూసేయాలి. ఎలుకలు, బల్లులు, చీమలు పాడుచేసిన పెట్టెలే ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ అమరిక

ఈ భాగాన్ని మీ ఎలక్ట్రీషియన్‌తోనో, డిప్లొమా చదివిన ఇంటి పిల్లలతోనో కూర్చుని చేయండి. ఒక పూట పని.

మొదట మీటరుకు నంబరు ఇవ్వాలి. మోడ్‌బస్‌లో ప్రతి మీటరుకు 1 నుంచి 247 లోపు ఒక నంబరు ఉంటుంది. రెండు బోర్లకు రెండు మీటర్లుంటే రెండింటికీ ఒకే నంబరు ఉండకూడదు. కొత్త మీటర్లు చాలావరకు 1 తోనే వస్తాయి. రెండూ అలాగే వదిలేస్తే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఏదీ అర్థం కాదు. తర్వాత వేగం. మీటరులో 9600 ఉంటే సాఫ్ట్‌వేర్‌లోనూ 9600 ఉండాలి. పారిటీ, స్టాప్ బిట్ అనే రెండు అమరికలూ రెండు చోట్లా ఒకటే కావాలి. ఏమీ రాకపోతే ముందు ఏ, బీ తీగలను తారుమారు చేసి చూడండి. సగం సార్లు తప్పు అక్కడే ఉంటుంది. రెండు తీగలు ఒకదానికొకటి మెలిపెట్టి ఉన్న కేబులే వాడాలి, మోటారు కేబుల్ పక్కనే కట్టకూడదు. వేగం తక్కువగా ఉంటే ఈ కేబుల్ 1,200 మీటర్ల వరకు పనిచేస్తుంది కాబట్టి పక్కపక్క చేల బోర్లను ఒకే పెట్టెకు కలపవచ్చు.

ఆ తర్వాత ఏ అంకె ఏ గదిలో ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. మీటరుతో వచ్చిన కాగితంలో రిజిస్టర్ల పట్టిక ఉంటుంది. ఆ కాగితం పారేయకండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఇక్కడ రెండు తిరకాసులు ఉన్నాయి. కొన్ని కంపెనీలు గదులను 0 నుంచి, కొన్ని 1 నుంచి లెక్కపెడతాయి. ఒక గది జరిగితే ఓల్టేజీ ఉండాల్సిన చోట వేరే అంకె వస్తుంది. రెండోది, ఒక్కో అంకె రెండు గదుల్లో ఉంటుంది, ఏది ముందు చదవాలో తేడా వస్తే 415 రావాల్సిన చోట నమ్మశక్యం కాని అంకె వస్తుంది. అలా వస్తే మీటరు చెడిపోయిందని వెనక్కి పంపకండి. సాఫ్ట్‌వేర్‌లో వరుస మార్చే అమరిక ఉంటుంది, మార్చి చూడండి.

ప్రెషర్, నీటి మట్టం సెన్సర్లు చాలావరకు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల రకం. 4 అంటే సున్నా, 20 అంటే పూర్తి. 100 మీటర్ల సెన్సర్ 12 చూపిస్తే నీరు 50 మీటర్లు. సున్నాకు 4 ఎందుకు పెట్టారంటే, తీగ తెగితే 0 వస్తుంది కాబట్టి. నీరు లేదా, తీగ తెగిందా అన్న తేడా వెంటనే తెలుస్తుంది. ఫ్యాక్టరీ వాళ్ల ఈ తెలివి మనకూ పనికొస్తుంది.

ఇక టైము. పెట్టెలో గడియారం భారత కాలమానంలో ఉందో లేదో చూడాలి. చాలా సాఫ్ట్‌వేర్లు గ్రీనిచ్ టైములో దాస్తాయి, మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. పొద్దున 9 గంటలకు మోటారు వేస్తే 3.30కి వేసినట్టు చూపిస్తుంది. గడియారానికి చిన్న బటన్ సెల్లు ఉంటుంది, అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ తప్పుతుంది.

ఎంతకోసారి రాయాలి? మోటారు నడుస్తున్నప్పుడు నిమిషానికి ఒకసారి, ఆగినప్పుడు 15 నిమిషాలకు ఒకసారి. సెకనుకోసారి రాయించి లాభం లేదు. ఒక వరుసకు 60 అక్షరాలు అనుకుంటే, 9 గంటల కరెంటుకు 540 వరుసలు, ఏడాదికి 12 ఎంబీ కూడా కాదు. మీరు ఫోన్లో చూసే చిన్న వీడియో అంత. కాబట్టి "స్థలం చాలదు, పాత లెక్క చెరిపేస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. నెట్ లేనప్పుడు అంకెలను పెట్టెలోనే దాచి, సిగ్నల్ రాగానే పంపే వసతి ఉండాలి. కొండల మధ్య ఉన్న మన చేలల్లో ఈ ఒక్క వసతి లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా వృథా.

బోర్లకు "పంపు 1, పంపు 2" అని పేరు పెట్టకండి. "చింతచెట్టు బోరు", "దిగువ మడి బోరు" అని ఇంట్లో పిలిచే పేరే పెట్టండి. అంకెల పక్కన మాటలు రాసే చోటు కూడా ఉండాలి: రీవైండింగ్ చేయించాం, రెండు పైపులు కిందికి దించాం, గేటు వాల్వు సగం తిప్పాం. ఈ మాటలు లేకపోతే ఆరు నెలల తర్వాత ఆ రోజు ఆంపియర్లు ఎందుకు మారాయో ఎవరికీ గుర్తుండదు.

చివరగా సరిచూడాలి. మోటారు నడుస్తుండగా ఎలక్ట్రీషియన్ టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజులు చూసి, ఫోన్లో వచ్చిన అంకెతో పోల్చాలి. మూడు రెట్లు తేడా ఉంటే తిప్పిన చుట్ల లెక్క మరిచిపోయినట్టు. మోటారు ఆపితే ఆంపియర్లు సున్నాకు రావాలి. డ్రమ్ము పెట్టి నీటి మీటరును కూడా సరిచూడాలి. ఈ పరీక్ష చేయకుండా బిగించిన మనిషిని పంపకండి, మిగిలిన డబ్బు ఇవ్వకండి.

హెచ్చరికలు మూడు చాలు

మోటారును కాపాడే పని స్టార్టర్లోని రిలేది. అది అక్కడికక్కడే ట్రిప్ చేయాలి. ఫోన్ సాఫ్ట్‌వేర్ చూసి చెప్పేది మాత్రమే. నెట్ లేని పూట మోటారు ప్రాణం సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండకూడదు.

ఫోన్‌కు మూడు హెచ్చరికలు పెట్టుకోండి. మోటారు నడుస్తూ నీరు రాకపోవడం. ఆంపియర్లు మామూలు కంటే బాగా పడిపోవడం, అంటే డ్రైరన్. మూడు ఫేజుల మధ్య తేడా. పదిహేను హెచ్చరికలు పెడితే మూడో రోజే ఫోన్ సైలెంటులో పెట్టేస్తారు.

ఫేజుల తేడా లెక్క సులువు. 8.0, 8.4, 9.1 ఆంపియర్లు వచ్చాయనుకోండి. సగటు 8.5. సగటుకు అన్నిటికంటే దూరంగా ఉన్నది 9.1, తేడా 0.6. అంటే 7 శాతం. 5 శాతం దాటితే కారణం వెతకాలి, 10 దాటితే మోటారు ఆపాలి. ఓల్టేజీలో చిన్న తేడా ఆంపియర్లలో 6 నుంచి 10 రెట్ల తేడాగా కనబడుతుంది కాబట్టి "ఓల్టేజీ ఇంచుమించు బాగానే ఉంది కదా" అనుకోవద్దు. తప్పు లైనుదా, మోటారుదా తెలుసుకోవడానికి పాత కిటుకు ఒకటి ఉంది. కరెంటు ఆపి, మోటారు మూడు తీగలనూ ఒక్కో స్థానం జరిపి బిగించాలి. మూడూ జరిపితే మోటారు తిరిగే దిక్కు మారదు. ఇప్పుడు ఎక్కువ ఆంపియర్లు అదే లైను ఫేజులో ఉంటే తప్పు లైనుది. మోటారు తీగ వెంట జరిగితే తప్పు మోటారుదో కేబులుదో. లైనుదే అయితే ఆ వారం లెక్క ప్రింటు తీసి సబ్‌స్టేషన్లో చూపించండి, 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తేదీలు, టైములతో ఉన్న కాగితానికి ఉన్న విలువ నోటిమాటకు ఉండదు.

అసలు ప్రయోజనం: మోటారుకు విరామం ఎంత?

నీరు తగ్గగానే స్టార్టర్ ట్రిప్ అయి, కొన్ని నిమిషాల తర్వాత తానే మళ్లీ ఆన్ అయ్యే ఏర్పాటు ఇప్పుడు చాలా బోర్లకు ఉంది. ఆ విరామం ఎంత పెట్టాలన్నది ఎవరూ లెక్క చూసి పెట్టరు. షాపులో 5 నిమిషాలు పెట్టిస్తే అదే ఉండిపోతుంది. లెక్క చేతికొచ్చాక మొదట చూడవలసింది ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. నిమిషానికి 150 లీటర్లు పోసే బోరు. 5 నిమిషాలు ఆపితే 6 నిమిషాలు పోస్తుంది. 30 నిమిషాలు ఆపితే 25 నిమిషాలు. గంట ఆపితే 40 నిమిషాలు. రోజుకు 9 గంటల కరెంటు, అంటే 540 నిమిషాలు. రాత్రంతా ఊరిన నీటితో వచ్చే మొదటి విడత కొంచెం ఎక్కువే ఉంటుంది, దాన్ని పక్కన పెడదాం.

5 నిమిషాల విరామంతో రోజుకు 49 సార్లు మోటారు వేసినట్టు, మొత్తం 294 నిమిషాలు నడిచినట్టు. 30 నిమిషాల విరామంతో సుమారు 10 సార్లు, 245 నిమిషాలు. గంట విరామంతో ఐదారు సార్లు, 216 నిమిషాలు. ఇంతవరకే చూస్తే 5 నిమిషాల విరామమే లాభంగా కనబడుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

కానీ డ్రిప్ పైపుల్లో ప్రెషర్ పుంజుకుని చివరి మొక్క దాకా సమానంగా చుక్క పడడానికి ప్రతిసారీ 3 నిమిషాలు పడుతుందనుకోండి. ఆ 3 నిమిషాల నీరు దగ్గరి సాళ్లకే పోతుంది. 49 సార్లు వేస్తే 147 నిమిషాలు అలా పోయి, పనికొచ్చేది 147 నిమిషాలే మిగులుతుంది. 30 నిమిషాల విరామంలో పోయేది 30, మిగిలేది 215. గంట విరామంలో మిగిలేది 200. ఈ బోరుకు 30 నిమిషాల విరామమే మేలు. పైగా మోటారు ఆన్ అయిన ప్రతిసారీ మొదటి క్షణాల్లో మామూలు కంటే ఐదారు రెట్లు ఆంపియర్లు తీసుకుని వేడెక్కుతుంది. రోజుకు 49 సార్లకూ 10 సార్లకూ ఉన్న తేడా వైండింగు ఆయుష్షులో కనబడుతుంది.

మీ బోరు అంకెలు వేరుగా ఉంటాయి. అవి తెలుసుకోవడానికి మూడు రోజులు మూడు రకాల విరామాలు పెట్టి లెక్క చూడండి. గేటు వాల్వు కొద్దిగా బిగించి, ఊరే నీటికి సరిపడా మాత్రమే పోసేలా చేస్తే కొన్ని బోర్లు ఆగకుండా నడుస్తాయి. అలా చేస్తే మామూలు ఆంపియర్లు తగ్గుతాయి కాబట్టి డ్రైరన్ హద్దును మళ్లీ సరిచేయాలి. తొట్టి ఉన్నవారు నీటిని ముందు తొట్టికి ఎత్తి, అక్కడి నుంచి డ్రిప్‌కు వదిలితే ఈ 3 నిమిషాల నష్టమే ఉండదు.

ఇదే లెక్క వేసవి టమోటా ఎన్ని ఎకరాలు నాటాలో చెబుతుంది. ఎకరా మీద 1 మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. వేసవిలో నిండు కాపు మీదున్న తోటకు రోజుకు 5 మిల్లీమీటర్లు అనుకుంటే 20,000 లీటర్లు. పై బోరు 215 నిమిషాల్లో ఇచ్చేది 32,250 లీటర్లు, అంటే ఎకరన్నర దాటి కొంచెం. విరామం 5 నిమిషాలకే వదిలేస్తే 22,000 లీటర్లు, ఎకరానికి కాస్త ఎక్కువ. మూడెకరాలకు నారు తెచ్చి పెట్టుకున్న రైతుకు ఈ తేడా మార్చిలో కాదు, నారు పోయకముందే తెలియాలి. ఏప్రిల్ నాటికి బోరు ఇంకా తగ్గుతుంది కనుక జనవరి లెక్కలో కొంత కోసేసి చూసుకోవడమే క్షేమం. మల్బరీ వేసినవారికీ ఇదే లెక్క, ఆకు తగ్గితే పురుగుల బ్యాచీ మధ్యలో ఆకు కొనాల్సి వస్తుంది.

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవారు

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు మూడు, నాలుగు నడిస్తేనే నిండు. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకే క్షణంలో లేస్తే ఓల్టేజీ కుంగిపోతుంది. మీ లెక్కలో కరెంటు వచ్చిన మొదటి రెండు నిమిషాల ఓల్టేజీ చూడండి, అక్కడే కనబడుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులందరూ కలిసి ఒక్కో మోటారుకు వేర్వేరు ఆలస్యం పెట్టుకోవాలి. ఒకరికి 2 నిమిషాలు, ఇంకొకరికి 5, మరొకరికి 8. దీనికి కొత్తగా కొనేది ఏమీ లేదు. కెపాసిటర్లు బిగించుకుంటే ఇంకా మేలు. నిజం చెప్పాలంటే ఒక్కో రైతు ఒక్కో పెట్టె కొనేకంటే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒకే పెట్టె, ఒకే సిమ్ పెట్టుకుని ఖర్చు పంచుకోవడమే చిన్న రైతులకు గిట్టుబాటు.

కంపెనీ యాప్ కొనేటప్పుడు

మొదటి ఏడాది ఉచితం అంటారు. రెండో ఏడాది చందా ఎంతో రాతపూర్వకంగా తీసుకోవాలి. చందా కట్టకపోతే పెట్టె అంకెలు దాయడం మానేస్తుందా, ఫోన్లో చూపడం మాత్రమే మానేస్తుందా అడగాలి. మీ లెక్కను సీఎస్‌వీ ఫైలుగా దింపుకునే వసతి ఉందో లేదో మీ ముందే దింపి చూపించమనండి. ఆ ఫైలు ఉంటే రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారినా పాత లెక్క మీతోనే వస్తుంది. ఎదురుగా దింపి చూపించలేనివారి దగ్గర కొనవద్దు. సిమ్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూడాలి, మీ పేరు మీదే ఉండాలి. ఫోన్ నుంచి మోటారు ఆన్ చేసే వసతి ఉంటే దాని పాస్‌వర్డు మార్చండి. బోరు దగ్గర మనిషి పనిచేస్తుండగా ఇంట్లోంచి ఎవరైనా ఆన్ చేయకుండా మెయిన్ స్విచ్ తీసి, ఫ్యూజులు చేత పట్టుకునే పని మొదలుపెట్టాలి.

ఖర్చు విషయానికొస్తే, మోటారు పైకి తీయించి రీవైండింగ్ చేయించి మళ్లీ దించడానికి మీ ఊళ్లో ఎంతవుతుందో మీకు తెలుసు. గత మూడేళ్లలో అది ఎన్నిసార్లు జరిగిందో లెక్కవేయండి. ఒక్కసారీ జరగని రైతుకు నోటుబుక్కు, డ్రమ్ము, సన్న గొట్టం, గేజీ చాలు. పంట నీటి అవసరం గురించి సందేహాలుంటే కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ రైతు సేవా కేంద్రంలోనో, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరులోనో అడగవచ్చు. కొత్త బోరు వేయాలనుకుంటే వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలని మరవకండి. ఆ పనికి ముందు ఉన్న బోరు మూడు నెలల లెక్కను ఒకసారి తెరిచి చూడండి.

ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు మొదలయ్యేలోపు పెట్టెకు విడిగా ఎర్తు వేయించి, సర్జ్ అరెస్టర్ బిగించాలి. పిడుగులు పడే పూట యాంటెనా తీగ ఊడదీసి పెట్టడం మంచిది. నెలకోసారి ఫైలు దింపి ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా దాచి ఉంచండి.